యుద్ధ హత్యలు, పాత్రికేయ సాక్ష్యం: హైదరాబాద్ అనుభవం

యుద్ధంలో గాని సాయుధ ఘర్షణలో గాని, ఆయుధం పట్టని మనుషులను, లేదా ఆయుధం దింపి లొంగిపోయిన వారిని చంపుతుండగా కళ్లారా చూసిన పాత్రికేయుడు, లేదా చంపిన కొద్ది కాలానికే ఆ చోటికి చేరి ఆనవాళ్లను, బతికి బయటపడ్డవారి మాటలను రాసుకున్న పాత్రికేయుడు, ఆ హత్యల విషయంలో ఎవరికి, ఎంతవరకు బాధ్యుడు అన్నది పాత్రికేయ నీతిలో తేలికగా తెగని ప్రశ్న. చూసిన క్షణంలో అడ్డుపడాలా, అడ్డుపడితే చంపేవాడి చేతిలో తానూ చావాలా, చూసింది ఎప్పుడు, ఏ మాటల్లో అచ్చువేయాలి, రేపు న్యాయస్థానం పిలిస్తే వెళ్లి చెప్పాలా, చెబితే తనను నమ్మి మాట్లాడినవారి గతి ఏమిటి అన్నవన్నీ ఆ ఒక్క ప్రశ్నలోంచే పుట్టుకొస్తాయి. అంతర్జాతీయ చట్టం ఇందులో కొద్ది భాగానికే జవాబు చెబుతుంది. జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్‌లోని 79వ అధికరణం, యుద్ధ ప్రాంతంలో పనిచేసే పాత్రికేయుడిని పౌరుడిగానే పరిగణించి, యుద్ధచర్యల్లో పాల్గొననంత కాలం పౌరుడికి దక్కే రక్షణ అంతా అతనికీ దక్కాలని చెబుతుంది. అది అతనికి ఉండవలసిన రక్షణను గురించిన మాట మాత్రమే, అతను చేయవలసిన పనిని గురించిన మాట కాదు. ఆ రెండోదాన్ని చట్టం పాత్రికేయుడి మనస్సాక్షికే వదిలిపెట్టింది.

తెలుగు నేలపై ఈ ప్రశ్న అత్యంత తీవ్రంగా ఎదురైన కాలం 1947–48 నాటి హైదరాబాద్ సంస్థానం. ఏడాది తిరగకుండానే ఇద్దరు ఉర్దూ సంపాదకులు రెండు వేర్వేరు దిక్కుల నుంచి దీనిని ఎదుర్కొన్నారు. ఒకరు రాసినందుకు ప్రాణం పోగొట్టుకున్నారు, మరొకరు రాసింది బీరువాలోకి చేరి దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు.

షోయబుల్లా ఖాన్

బ్రిటిష్ పాలన ముగిసిన తరువాత ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ భారత యూనియన్‌లో చేరకుండా 1947 నవంబరు 29న ఏడాది కాలానికి యథాతథ ఒప్పందం కుదుర్చుకున్నాడు. అంటే అప్పటివరకు ఉన్న ఏర్పాట్లను తాత్కాలికంగా అలాగే కొనసాగించే ఒడంబడిక. ఆ ఏడాదిలోనే మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ నాయకుడు ఖాసిం రజ్వీ ఆధ్వర్యంలోని రజాకార్లు, అంటే స్వచ్ఛంద సాయుధ దళాలు, పల్లెలపై దాడులు సాగించారు. మరోపక్క 1946లో మొదలైన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో ఊపందుకుంది. ఎక్కడ ఏం జరిగిందో తెలుసుకోవడానికి నగరంలోని జనానికి ఉన్న ఆధారాలు రెండే: ప్రభుత్వం చెప్పిన మాట, పల్లె వదిలి వచ్చినవారు చెప్పిన మాట. ఆ రెండో మాటను అచ్చులోకి తేవడమే అప్పటి పత్రికకు పరీక్ష అయింది.

1920 అక్టోబరు 17న పుట్టిన షోయబుల్లా ఖాన్ మొదట తేజ్ పత్రికలోను, తరువాత మందుముల నరసింగరావు నడిపిన రయ్యత్‌లోను పనిచేశాడు. నిజాం ప్రభుత్వం రయ్యత్‌ను మూయించిన తరువాత, బూర్గుల రామకృష్ణారావు వంటివారి అండతో 1947 నవంబరులో ఇమ్రోజ్ అనే ఉర్దూ దినపత్రికను ప్రారంభించాడు. ఇమ్రోజ్ అంటే నేడు అని అర్థం. రజాకార్ల దౌర్జన్యాలను ఖండిస్తూ, సంస్థానం భారత యూనియన్‌లో కలవాలని వాదిస్తూ ఆ పత్రిక కాచిగూడ నుంచి వెలువడింది. కొంతమంది ముస్లిం ప్రముఖులు విలీనాన్ని కోరుతూ చేసిన ప్రకటనను కూడా ఇమ్రోజ్ అచ్చువేసింది. 1948 ఆగస్టు 21 రాత్రి పని ముగించుకుని ఇంటికి వెళ్తుండగా కాచిగూడ ప్రాంతంలో దుండగులు అతనిపై దాడి చేసి, కాల్పులు జరిపి, కత్తులతో నరికారు. రాసే చేతిని నరకడం ఆ హత్యలో ప్రత్యేకంగా ఉద్దేశించిన పని. వెంట ఉన్న బావమరిదికి కూడా చెయ్యి తెగింది. షోయబుల్లా ఖాన్ తెల్లవారేలోగా మరణించాడు. అప్పటికి అతనికి 27 ఏళ్లు.

అతనిని స్మరించుకునేవారు చాలామంది అతని ధైర్యాన్ని మెచ్చుకుంటారు. అది న్యాయమే. అయితే పాత్రికేయ నీతి దృష్టితో చూస్తే ధైర్యం కంటే ఎన్నదగిన అంశం మరొకటి ఉంది. అతను ప్రతి హత్యకూ ప్రత్యక్ష సాక్షి కాదు, సంపాదకుడు. అతని బల్ల మీదికి వచ్చినవి ఇతరుల సాక్ష్యాలు. వాటిని నమ్మి, తన పేరుతో పూచీపడి, తన మతం పేరు చెప్పుకుంటున్న దళాలకు వ్యతిరేకంగా, ఆ మతస్థులే ఎక్కువగా చదివే భాషలో అచ్చువేశాడు. పరాయివాడు చేసిన హత్యను రాయడానికి కోపం చాలు. తనవాడు చేశాడని చెప్పబడుతున్న హత్యను రాయడానికి, పొద్దున్నే వీధిలో సలాం చెప్పే మనిషి ముఖం మరో విధంగా మారుతుందని తెలిసీ రాయగల స్థిరత్వం కావాలి. యుద్ధకాలంలో పాత్రికేయుడికి ఉన్న మొదటి బాధ్యత ఏదని అడిగితే, తన పక్షం చేసిన హత్యను ముందు చూడగలగడమే అని ఈ ఉదంతం చెబుతుంది.

అతను మరణించిన కొద్ది రోజులకే, 1948 ఆగస్టు 27న, నేటి సిద్దిపేట జిల్లాలోని భైరాన్‌పల్లిలో, ఊరి బురుజును ఆసరా చేసుకుని ఎదిరించిన గ్రామస్థులను రజాకార్లు ఊచకోత కోశారు. అక్కడ చనిపోయినవారి సంఖ్యను ఒక్కో కథనం ఒక్కో విధంగా చెబుతుంది. అప్పటికప్పుడు వెళ్లి, ఇంటింటా పేరు అడిగి రాసుకున్న విలేకరి ఒక్కడుంటే ఈ తేడా ఉండేది కాదు.

ఖాజీ అబ్దుల్ గఫార్, సుందర్‌లాల్ కమిటీ

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి ప్రవేశించింది. ప్రభుత్వం దీనిని పోలీసు చర్య అని పిలిచింది, పాతబస్తీ పెద్దలు నేటికీ పోలీస్ యాక్షన్ అనే అంటారు. సెప్టెంబరు 17న నిజాం లొంగుబాటును ప్రకటించడంతో సైనిక చర్య ఐదు రోజుల్లో ముగిసింది. అయితే ఆ రోజుల్లోను, ఆ తరువాతి వారాల్లోను, ముఖ్యంగా సంస్థానపు పశ్చిమ జిల్లాల్లో, ముస్లింలపై ప్రతీకారంగా పెద్ద ఎత్తున హత్యలు, దోపిడీలు, అత్యాచారాలు జరిగాయి. వీటి గురించిన ఆందోళన ఢిల్లీ దాకా చేరడంతో ప్రధాని నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక సద్భావన బృందాన్ని పంపింది. అందులో ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ సభ్యులు. గఫార్ పాత్రికేయుడు, రచయిత. 1930లలో హైదరాబాద్ నుంచి పయామ్ అనే ఉర్దూ దినపత్రికను స్థాపించి నడిపినవాడు.

బృందం 1948 నవంబరు 29న హైదరాబాద్ చేరి, డిసెంబరు 21న ఢిల్లీకి తిరిగి వెళ్లింది. ఆ మధ్యకాలంలో సంస్థానంలోని 16 జిల్లాల్లో 9 జిల్లాలు తిరిగింది. పట్టణాలు, పల్లెలు చూసింది. తాను స్వయంగా వెళ్లలేకపోయిన వంద పైచిలుకు గ్రామాల నుంచి వచ్చిన ఐదువందల మందికి పైగా మనుషులతో మాట్లాడింది. చివరకు పోలీసు చర్య సమయంలోను, ఆ తరువాత కూడా మొత్తం మీద 27,000 నుంచి 40,000 మంది దాకా ప్రాణాలు కోల్పోయి ఉంటారని అంచనా కట్టింది. వీరిలో ఎక్కువమంది ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలవారు. సైన్యంలోని, పోలీసుల్లోని కొందరు దోపిడీలో, ఇతర నేరాల్లో పాలుపంచుకున్నారని కూడా బృందం తన నివేదికలో రాసింది.

ఈ నివేదిక రాత తీరులో పాత్రికేయ బాధ్యతకు సంబంధించిన రెండు విషయాలు ప్రత్యేకంగా గమనించదగినవి. మొదటిది, సంఖ్యను ఒకే అంకెగా కాక ఒక పరిధిగా, అంటే కనిష్ఠ గరిష్ఠాల మధ్య దూరంగా చెప్పడం. ఖచ్చితంగా తెలియనప్పుడు ఒకే అంకెను గట్టిగా చెప్పేవాడు ఎంత సదుద్దేశంతో చెప్పినా, రేపు ఆ అంకె తప్పని తేలితే మొత్తం సాక్ష్యమే తప్పని వాదించడానికి హంతకుల పక్షానికి దారి ఇస్తాడు. రెండవది, చంపినవారిని రాసిన కలంతోనే కాపాడినవారినీ రాయడం. పొరుగున ఉన్న ముస్లిం కుటుంబాలను హిందువులు తమ ప్రాణాలకు తెగించి దాచిన సందర్భాలను, ఒకే వృత్తిలో ఉన్నవారి మధ్య ఈ ఆదరణ ఎక్కువగా కనిపించిందన్న సంగతిని, హిందూ నేతగాళ్లు ముస్లిం నేతగాళ్లను కాపాడిన తీరును ఆ నివేదిక నమోదు చేసింది. మగ్గం పక్కన మగ్గం వేసుకుని బతికిన మనిషిని ముందు తోటి నేతగాడిగా చూసినవారు ఉన్నారన్న వాస్తవం హత్యల వాస్తవాన్ని పలచన చేయదు. చంపకుండా ఉండటం సాధ్యమేనని చూపి, చంపినవారి నేరాన్ని మరింత స్పష్టం చేస్తుంది.

కళ్లెదుట జరుగుతున్నప్పుడు

హత్య జరిగిపోయాక వెళ్లడం వేరు, జరుగుతుండగా అక్కడ ఉండటం వేరు. 1971 డిసెంబరు 18న, పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిన రెండు రోజులకు, ఢాకాలో కాదర్ సిద్దికీ నాయకత్వంలోని బంగ్లాదేశ్ విమోచన దళమైన ముక్తివాహిని యోధులు, పాకిస్తాన్ సైన్యానికి సహకరించారని అనుమానించిన బందీలను జనసమూహం ముందు బయోనెట్లతో పొడిచి చంపారు. అక్కడ విదేశీ ఛాయాగ్రాహకులు పలువురు ఉన్నారు. తమ కెమెరాలు ఉన్నందువల్లే ఈ ప్రదర్శన జరుగుతోందని భావించిన కొందరు ఫొటోలు తీయకుండా వెళ్లిపోయారు. హోర్స్ట్ ఫాస్, మిషెల్ లోరెంట్ అక్కడే ఉండి ఫొటోలు తీశారు; వారి ఫొటోలకు 1972లో పులిట్జర్ బహుమతి దక్కింది. వెళ్లిపోయినవారు తప్పు చేశారని గాని, ఉన్నవారు తప్పు చేశారని గాని ఏకాభిప్రాయం నేటికీ లేదు. అయినా ఒక తేడాను గుర్తించవచ్చు: కెమెరా కోసమే హత్య జరుగుతోందని నమ్మడానికి ఆధారం ఉన్నప్పుడు కెమెరాను దించడం సాక్షి బాధ్యతలో భాగమే, కెమెరా ఉన్నా లేకున్నా జరిగే హత్య అయితే దించడం వల్ల లాభపడేది హంతకుడొక్కడే.

కొన్నిసార్లు ప్రశ్న ఇంతకంటే సూటిగా ఉంటుంది. 1968 మార్చి 16న వియత్నాంలోని మై లాయ్‌లో అమెరికన్ సైనికులు వందలాది గ్రామస్థులను చంపినప్పుడు, సైన్యపు ఛాయాగ్రాహకుడు రోనాల్డ్ హేబెర్లీ అక్కడే ఉన్నాడు. సైన్యం ఇచ్చిన కెమెరాతో కొన్ని, సొంత కెమెరాతో కొన్ని ఫొటోలు తీశాడు. సొంత కెమెరాలోని ఫొటోలను తన వద్దే ఉంచుకున్నాడు. అవి 1969 నవంబరులో, అంటే 20 నెలల తరువాత, క్లీవ్‌లాండ్ పత్రికలో అచ్చయి, పాత్రికేయుడు సీమోర్ హెర్ష్ వార్తాకథనాలకు తోడై ప్రపంచాన్ని కదిలించాయి. సైనికులు కాలుస్తుండగా తీసిన కొన్ని ఫొటోలను తానే నాశనం చేశానని అతను చాలా ఏళ్ల తరువాత ఒప్పుకున్నాడు. అదే చోట హెలికాప్టర్ పైలట్ హ్యూ థాంప్సన్ తన యంత్రాన్ని సైనికులకు, గ్రామస్థులకు మధ్య దించి కొందరిని కాపాడాడు. ఆయుధం ఉన్న థాంప్సన్‌కు చేతనైనది కెమెరా మాత్రమే ఉన్న మనిషికి చేతనవుతుందా అన్నది సందేహమే. తీసిన ఫొటోను దాచకుండా ఉండటం మాత్రం తప్పక చేతనవుతుంది.

సాక్షి ఎవరి వాడు

చూసినదాన్ని అచ్చువేశాక న్యాయస్థానంలోనూ చెప్పాలా అన్న ప్రశ్నపై పూర్వపు యుగోస్లావియాకు ఏర్పాటు చేసిన అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2002 డిసెంబరు 11న ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. వాషింగ్టన్ పోస్ట్ విలేకరి జోనాథన్ రాండల్‌ను బోస్నియా సెర్బ్ నేత బ్రజానిన్‌పై కేసులో సాక్ష్యం చెప్పమని బలవంతం చేయరాదని అప్పీలు ధర్మాసనం నిర్ణయించింది. యుద్ధ విలేకరి చెప్పేది కేసు మూలాంశానికి నేరుగా, ముఖ్యంగా పనికివచ్చేదై ఉండాలి, మరో మార్గంలో దొరకనిదై ఉండాలి. అప్పుడు మాత్రమే పిలవవచ్చునని సూత్రం చెప్పింది. విలేకరులను తేలికగా సాక్షిపెట్టెలోకి లాగితే రేపు యుద్ధభూమిలో ఎవరూ వారితో మాట్లాడరన్నది ఈ వాదనకు మూలం. ఇందుకు భిన్నంగా, బ్రిటిష్ విలేకరి ఎడ్ వులియామీ వంటివారు ఇష్టపూర్వకంగా వెళ్లి సాక్ష్యం చెప్పారు. రెండు దారులూ గౌరవనీయమే.

భారతదేశంలో ఈ రక్షణ చాలా పలచనిది. 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టంలోని 15వ సెక్షన్, వార్తకు మూలమైన మనిషి పేరు చెప్పమని పాత్రికేయుడిని బలవంతపెట్టరాదని అంటుంది గాని, అది కౌన్సిల్ ముందు జరిగే విచారణకే వర్తిస్తుంది. కోర్టుల్లో అలాంటి ప్రత్యేక హక్కు చట్టంలో లేదు. పైగా హత్య వంటి తీవ్ర నేరం గురించి తెలిసిన ప్రతి పౌరుడూ పోలీసులకో మేజిస్ట్రేట్‌కో తెలియజేయాలన్న నిబంధన పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 39వ సెక్షన్‌లో ఉండి, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ కొనసాగుతోంది. హంతకుడు సాయుధ దళంలోనే ఉన్నాడని సాక్షి చెబుతున్నప్పుడు ఆ సంగతి ఏ ఠాణాలో చెప్పాలో ఈ నిబంధన చెప్పదు.

అట, అని, హతం

చూసినదానికి, విన్నదానికి మధ్య తేడాను తెలుగు క్రియే చూపగలదు. చంపాడు అంటే చెప్పేవాడు పూచీపడుతున్నాడు. చంపాడట అంటే విన్నాడు. చంపాడని వాళ్లు చెప్పారు అంటే ఎవరి మాటో చూపుతున్నాడు. ఇంత నాణ్యమైన పనిముట్టు ఉండి కూడా తెలుగు పత్రికల వార్తాభాష దానిని వదిలి, తెలిసింది, సమాచారం వంటి మాటలను ఎక్కువగా వాడుతుంది. ఎవరికి తెలిసిందో, ఎవరిచ్చిన సమాచారమో వీటిలో కనిపించదు. శీర్షికల్లో హతం, మృత్యువాత, బలి వంటి మాటలు చంపినవాడిని వాక్యంలోంచే తొలగించివేస్తాయి. మట్టుబెట్టారు అన్న మాటైతే పత్రికను హంతకుడి పక్కన నిలబెడుతుంది. సాక్షిగా ఉన్న పాత్రికేయుడు కర్తను వదలని వాక్యం రాయాలి. కర్త తెలియకపోతే తెలియదని రాయాలి.

తెలుగు ప్రాంతంలో ఈ భాషా సమస్య బాగా బయటపడింది ఎదురుకాల్పుల వార్తల్లో. ఎదురుకాల్పులు అన్న మాటలోనే ఇరువైపులా తుపాకులు పేలాయన్న తీర్పు ఇమిడి ఉంది. పోలీసుల ప్రకటన నుంచి ఆ మాటను యథాతథంగా తీసుకున్న విలేకరి తెలియకుండానే ఆ తీర్పుపై సంతకం చేస్తాడు. 1975 జులైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థులు చనిపోయినప్పుడు అత్యవసర పరిస్థితి అమలులో ఉంది. పత్రికలపై సెన్సార్ ఉంది. అత్యవసర పరిస్థితి తొలగిన తరువాత 1977లో వి.ఎం. తార్కుండే నాయకత్వంలో ఏర్పడ్డ పౌర కమిటీ ఊళ్లు తిరిగి సాక్షులతో మాట్లాడి, ఆ మరణాలు బూటకపు ఎదురుకాల్పుల ఫలితమన్న నిర్ధారణకు వచ్చింది. న్యాయవాది కె.జి. కన్నబిరాన్, కవి కాళోజీ నారాయణరావులతో పాటు బి.జి. వర్గీస్, అరుణ్ శౌరి వంటి పాత్రికేయ రంగానికి చెందినవారు అందులో సభ్యులు. పత్రికలు ఆ రోజు చేయలేని పనిని పత్రికా రచయితలు రెండేళ్ల తరువాత పౌరులుగా చేశారు. ఎదురుకాల్పుల మరణాలన్నిటిపై కేసు నమోదు, స్వతంత్ర దర్యాప్తు ఉండాలని సుప్రీంకోర్టు 2014లో మార్గదర్శకాలు జారీ చేసింది.

లాల్‌దర్వాజా నుంచి చూస్తే

హత్య జరిగిన చోటికి ఎంత దూరంలో ఉన్నా, దాని వార్త చేరే చోట ఇరుగుపొరుగు ఎవరన్నది పాత్రికేయ బాధ్యతను మారుస్తుంది. హైదరాబాద్ పాతబస్తీలోని లాల్‌దర్వాజా ఇందుకు తగిన ఉదాహరణ. సింహవాహిని మహంకాళి గుడికి, ఆషాఢ బోనాలకు పేరుపొందిన ఈ పేట చుట్టూ శాలిబండ, గౌలిపురా, అలియాబాద్ వంటి బస్తీలలో తెలుగు, ఉర్దూ మాట్లాడే హిందూ ముస్లిం కుటుంబాలు తరతరాలుగా పక్కపక్కన బతుకుతున్నాయి. ఎక్కడో జరిగిన హత్యను గురించి పత్రికలో పడిన ఒక్క తప్పుడు వాక్యం ఇక్కడ తలుపులు మూయిస్తుంది, కర్ఫ్యూ తెస్తుంది. ఫసాదు, అంటే అల్లర్లు, అన్న మాట పాతబస్తీలో చిన్నపిల్లలకూ తెలుసు. 1990 డిసెంబరులో పాతబస్తీలో వంద మందికి పైగా ప్రాణాలు తీసిన మతహింస యుద్ధం కాదు గాని, సాక్ష్యానికి సంబంధించిన కష్టం అదే. అదే ఏడాది అయోధ్య ఘటనల వార్తల్లో మృతుల సంఖ్యలను పెంచి రాసిన కొన్ని హిందీ దినపత్రికలను ప్రెస్ కౌన్సిల్ మరుసటి ఏడాది అభిశంసించింది.

మతహింస వార్తల్లో పేర్లు చెప్పకుండా ఒక వర్గం, మరో వర్గం అని రాసే ఆనవాయితీ భారతీయ పత్రికల్లో ఇలాంటి పేటలను దృష్టిలో పెట్టుకుని వచ్చినదే. తొలి గంటల్లో అది ప్రాణాలు కాపాడుతుంది. అయితే నెలలు గడిచాక కూడా అదే ముసుగు కొనసాగితే, చనిపోయిన మనిషి పేరూ ఊరూ లేని లెక్కగా మిగిలి, చంపినవాడు వర్గం అన్న మాట వెనక దాక్కుంటాడు. కాబట్టి ఇక్కడ పాత్రికేయుడి బాధ్యతకు కాలం కూడా ఒక కొలత: ఏది ఈ రాత్రి చెప్పకూడదో, ఏది ఏడాదిలోగా చెప్పి తీరాలో అతను వేరు చేసుకోవాలి. దీనికి పూర్తిగా అవతలి కొసలో ఉన్నది రువాండా. 1994 నరమేధంలో రేడియో ద్వారా, పత్రిక ద్వారా హత్యలను ప్రేరేపించినందుకు ముగ్గురు మాధ్యమ నిర్వాహకులను రువాండాకు ఏర్పాటు చేసిన అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2003లో దోషులుగా నిర్ణయించింది.

ఆలస్యమైన సాక్ష్యం

చూసినదాన్ని వెంటనే చెప్పలేకపోవడం ఎప్పుడూ పిరికితనం కాదు. 1971 ఏప్రిల్‌లో పాకిస్తాన్ సైన్యం తూర్పు బెంగాల్‌కు తీసుకువెళ్లి చూపించిన విలేకరుల్లో కరాచీ పాత్రికేయుడు ఆంథొనీ మస్కరెన్హాస్ ఒకడు. మిగిలినవారు సైన్యం కోరినట్లు రాయగా, అతను ముందు లండన్ వెళ్లి పత్రికతో మాట్లాడి, తిరిగి వచ్చి భార్యాబిడ్డలను దేశం దాటించి, తరువాత తానూ దాటి, జూన్ 13న సండే టైమ్స్‌లో తాను చూసిన హత్యలన్నిటినీ రాశాడు. అతను తీసుకున్న ఆ కొద్ది వారాలు సాక్ష్యాన్ని బలహీనపరచలేదు; సాక్ష్యం చెప్పే మనిషిని, అతని ఇంటివారిని నిలబెట్టాయి. సాక్షి తన కుటుంబం పట్ల కూడా బాధ్యుడేనని, అయితే ఆ బాధ్యత మౌనానికి సాకు కారాదని అతని నడవడి చూపుతుంది.

ఆలస్యం సాక్షి చేతిలో ఉన్నంతవరకే దానిని ఇలా సమర్థించగలం. గఫార్ సంతకం చేసిన నివేదిక విషయంలో నిర్ణయం అతని చేతిలో లేదు. ప్రభుత్వం దానిని ప్రచురించలేదు. దాని భాగాలు పరిశోధకుల మధ్య అనధికారికంగా చేతులు మారుతూ వచ్చాయి. పాత్రికేయుడు ప్రభుత్వ కమిటీలో సభ్యుడైనప్పుడు అతను చూసింది ప్రభుత్వపు సొత్తు అవుతుందా, లేక చనిపోయినవారి వారసులదా అన్న ప్రశ్నను ఈ ఉదంతం తేల్చకుండానే వదిలింది. పత్రికలో అచ్చయిన మాట మర్నాడే లాల్‌దర్వాజా వీధిలో ఎవరైనా చదివి, ఒప్పుకోవడానికో కాదనడానికో వీలున్న మాట. బీరువాలో ఉన్న మాటను ఎవరూ కాదనలేరు, ఎవరూ నమ్మలేరు. ఆ లోటులోనే ఒకపక్క హత్యలు జరగనే లేదన్న వాదన, మరోపక్క లక్షల అంకెలు రెండూ పెరిగాయి.

నివేదిక పూర్తి పాఠం ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో పాఠకులకు అందుబాటులోకి వచ్చిన సంగతి 2013లో వెలుగులోకి వచ్చింది. ఆ కాలంలోనే రచయిత ఎ.జి. నూరానీ హైదరాబాద్‌పై రాసిన తన పుస్తకంలో దానిని ప్రచురించాడు. ఖాజీ అబ్దుల్ గఫార్ 1956లోనే మరణించాడు.